బల్ల మీద పెట్టిన ఫొటోలు

నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఖిదిర్‌పూర్‌లో మా స్టూడియో యజమాని. అక్షరాలూ బైబిలు వాక్యమూ నేర్పింది మాస్టారు. ఈ రెండో ఆయన గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. ఆయన బతికి ఉండగా చేతకాలేదు.

మాస్టారు గార్డెన్ రీచ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. రేవులో బరువులు మోసేవాళ్ళ పిల్లలందరం ఆయన దగ్గరే ఆదివారం బడికి వెళ్ళాం. మా నాన్న రేవు ప్రమాదంలో పోయినప్పుడు నన్ను స్టూడియోలో పనికి కుదిర్చింది ఆయనే. వాక్యం కంఠతా అప్పజెప్పే పోటీల్లో బహుమతి నాకే వచ్చేది. దేవుడి మీద ప్రేమ కంటే, ఆ బహుమతి ఆయన చేతి మీదుగా అందుకోవాలనే ఆశే నన్ను ఎక్కువగా చదివించింది. దేవుడు ఎలా ఉంటాడని చిన్నప్పుడు ఎవరైనా అడిగి ఉంటే, తెల్ల పంచె కట్టుకుని, ముక్కు మీదికి జారే కళ్ళజోడు పెట్టుకుని ఉంటాడని చెప్పేవాణ్ణి.

డెబ్భై ఒకటిలో తూర్పు బెంగాల్ యుద్ధం నుంచి తప్పించుకుని జనం కలకత్తా మీదికి వరదలా వచ్చారు. ఆ వానాకాలం అంతా మా సంఘం శనివారాలు సాల్ట్ లేక్ శిబిరానికి పాలు తీసుకెళ్ళేది. అప్పటికి అక్కడ ఇళ్ళు లేవు, ఇసుక మేటలే. మురుగుకాలువ కోసం తెచ్చి వరుసగా పడేసిన పెద్ద సిమెంటు గొట్టాల్లో జనం కాపురాలు పెట్టారు. గొట్టానికి ఒక కొసన చీర కట్టుకుంటే అది తలుపు. రెండో కొసన మూడు ఇటుకలు పెడితే అది వంటిల్లు. వాన పడితే రెండు కొసల నుంచీ నీళ్ళు వచ్చేవి.

పాలు పంచడం ఆడవాళ్ళ పని. నా పని ఫొటోలు తీయడం. పాలపొడి పంపే విదేశీ క్రైస్తవ మిషన్‌కు నివేదిక వెళ్ళాలి, దానితో పాటు పిల్లల ఫొటోలు వెళ్ళాలి. స్టూడియో యజమాని తన పాత కెమెరా ఇచ్చాడు. ఛాతీ దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి గాజులోకి చూసే రకం అది.

మొదటి శనివారమే ఒక గొట్టం ముందు కూర్చున్న ముసలామె నన్ను చూసి నవ్వింది.

"ఏమయ్యా దాదా, ఫొటో తీసేవాడివి తలెత్తి చూడవేం? పెళ్ళిపీటల మీద కొత్త పెళ్ళికొడుకులా ఆ సిగ్గేమిటి?"

చుట్టుపక్కల గొట్టాల్లోంచి నవ్వులు వినిపించాయి. నేను ఇక్కడే పుట్టినవాణ్ణి, నా బెంగాలీకి యాస లేదు. "తలెత్తితే నువ్వు కనపడవు మాసీ" అన్నాను, పిన్ని వరస కలిపి. "అయితే వంచే ఉంచు, నేను చూడదగ్గదాన్నే" అంది. ఖుల్నా వైపు కుమ్మరి ఇంటి మనిషి. భర్త దారిలో కలరాతో పోయాడు. ఆ మాట కూడా, చక్రం విరిగిపోయిందని చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

ఆమె కొంగు పట్టుకుని ఒక పిల్ల ఉండేది. అయిదేళ్ళుంటాయేమో. మనవరాలనుకున్నాను.

"నాకెవరూ కాదు" అంది మాసీ. "నది దాటేచోట తోపులాటలో తల్లి చెయ్యి జారిపోయింది. ఏ చెయ్యి దొరికితే అది పట్టుకుంది, నా ఖర్మకొద్దీ అది నా చెయ్యి. తల్లి అవతలి ఒడ్డున ఉండిపోలేదు, మాతోనే దాటింది. నా కళ్ళతో చూశాను. ఇక్కడే ఏదో ఒక శిబిరంలో ఉండి ఉంటుంది."

"పాపా, మీ ఊరేది?" అని అడిగాను.

"మామయ్య ఇల్లు" అంది పిల్ల.

"మీ అమ్మ పేరు?"

పిల్ల నన్ను జాలిగా చూసింది, ఇంత పెద్దవాడికి ఇది తెలీదా అన్నట్టు. "అమ్మ" అంది.

మాసీ నుదురు కొట్టుకుంది. "చూశావుగా? నెల నుంచీ ఇదే జవాబు. శిబిరం ఆఫీసులో బాబులు రాసుకోవడానికి వచ్చి, రాయడానికేమీ లేదని వెళ్ళిపోయారు. దీనికి పేరు లేదు, ఊరు లేదు, ఈ ముఖం ఒక్కటే ఉంది." అని పిల్ల గడ్డం పట్టి నా వైపు తిప్పింది. "దీన్ని తియ్యి. తీసి మిగతా శిబిరాల్లో అతికించు. తల్లి చూస్తే పోల్చుకోదూ?"

ఆ పిల్ల ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. పోగు కోసం ఎవరో లాగిన గుర్తు. స్టూడియోలో అయితే అటువంటివి పెన్సిలుతో నెగటివ్ మీదే దిద్ది మాయం చేస్తాం. ఇక్కడ నాకు కావలసింది అదే. పిల్లను కొంచెం పక్కకు తిప్పి, ముఖమూ ఆ చెవీ రెండూ పడేలా తీశాను.

వెనక నిలబడి చూస్తున్న మాస్టారికి నచ్చలేదు. "ఏటి నాయనా, పాస్‌పోర్టుకి తీసినట్టు తీస్తన్నావు? కొంచెం ఆకలి కనబడాలి. చేతిలో గిన్నె పెట్టు."

నేను మాసీ చెప్పింది ఆయనకు చెప్పాను. తల్లుల నుంచి తప్పిపోయిన పిల్లలందరినీ ఇలాగే తీసి, అన్ని శిబిరాల్లో బోర్డుల మీద పెడితే ఎలా ఉంటుందని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పిల్ల దగ్గరికి వెళ్ళి, వంగి, తల మీద చెయ్యి పెట్టారు.

"చెప్పు నాయనా, ఆవిడికి చెప్పు. మా సంఘం కుర్రాళ్ళు ప్రతి శిబిరానికీ ఈ ఫొటోలు మోసుకెళ్తారని చెప్పు. దేవుడి ముందు మాటిస్తన్నానని చెప్పు."

నేను బెంగాలీలో చెప్పాను. ముప్ఫై ఏళ్ళు ఇక్కడ ఉన్నా మాస్టారి బెంగాలీ కూరగాయల బజారు దాటలేదు, విని అర్థం చేసుకోవడం మాత్రం వచ్చు. అందుకే ఆయన ఇచ్చిన మాట నా నోట్లోంచి వెళ్ళింది. మాసీ నా ముఖం చూస్తూ ఆ మాట తీసుకుంది.

ఆ తర్వాతి శనివారాలు నేను పాల బండి దగ్గర నిలబడలేదు. తప్పిపోయిన పిల్లల్ని వెతుక్కుంటూ గొట్టం గొట్టానికీ తిరిగాను. ప్రతి ముఖంలోనూ తల్లి గుర్తుపట్టేది ఏదో ఒకటి వెతికాను: కనుబొమ్మ మీద మచ్చ, ముందుపళ్ళ సందు, నెత్తి మీద రెండు సుడులు. సుడుల కోసం ఒక పిల్లవాణ్ణి తల వంచమంటే, వాడు నా కెమెరాలోకే తల పెట్టేశాడు. స్టూడియో తెరవకముందే వెళ్ళి, ఎర్ర బల్బు వెలుతురులో ప్రింట్లు తీసేవాణ్ణి. మందునీళ్ళలో తెల్లకాగితం మీద ముందు కళ్ళు తేలేవి, తర్వాత మిగతా ముఖం. అంత నమ్మకంగా నేను ఎప్పుడూ ప్రార్థన చేయలేదు. ఒక్కొక్క ముఖం తేలుతుంటే ఒక్కొక్క తల్లి కోసం అడిగేవాణ్ణి.

ప్రింట్లన్నీ పూర్తయ్యేసరికి కోతపండుగ వచ్చింది.

మా సంఘంలో ఎవరికీ సెంటు భూమి లేదు. అయినా ఊళ్ళో మా తాతలు చేసినట్టే మేమూ కోతపండుగ చేసేవాళ్ళం. మెటియాబురుజు బజారే మా పొలం. అక్కడ కొన్న గుమ్మడికాయలు, చెరకు గడలు, కాళ్ళు కట్టిన కోళ్ళు తెచ్చి గుడిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల ముందూ బల్ల మీదా పెడతాం. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. బల్ల మీద పెట్టింది దేవుడిది. పెట్టినవాడికి కూడా మళ్ళీ కావాలంటే వేలంలో పాడుకోవలసిందే. ఇది మాకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు.

పండుగకు ముందు రోజు మాస్టారు నన్ను పిలిచారు. "ఆ ఫొటోలు రేపు ప్రభువు బల్ల మీద పెట్టు నాయనా. సంఘమంతా ప్రార్థన చేస్తాం. సోమవారం కుర్రాళ్ళు బయల్దేర్తారు."

"అలాగేనండి."

"నెగటివ్‌లు కూడా పెట్టు. సగం ఇచ్చి సగం దాచుకున్నది అర్పణ కాదు. నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. దేవుడి భాగంలోంచి కొంత దాచుకున్న మొగుడూ పెళ్ళాలు అక్కడికక్కడే పడి చనిపోయారని ఆదివారం బడిలో ఆయనే చెప్పారు, ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పక్క స్టూడియో కుర్రాడెవడైనా అయితే, ప్రార్థనకూ నెగటివ్‌లకూ ఏం సంబంధమని అడిగి ఉండేవాడు. నాకు ఆ ప్రశ్నే రాలేదు. ప్రింట్లూ నెగటివ్‌లూ ఒకే కవరులో పెట్టి, తీసుకెళ్ళి ఒక గుమ్మడికాయకు ఆనించి నిలబెట్టాను.

మా అమ్మ పక్క వరుసలోంచి చూసి చెయ్యి ఊపి పిలిచింది. "ఏట్రా, అక్కడెట్టీసినావు?"

"ప్రార్థన చేస్తారటమ్మా."

"పార్థన సేతిలో ఎట్టుకుని సెయ్యకూడదేటి? బల్ల మీద ఎట్టినాక నీదేటుంటాది? ఎల్లి తీసీ."

"మాస్టారే పెట్టమన్నారమ్మా."

"ఆయనెట్టమన్నాడా..." అంది అమ్మ. ఆయన పేరు చెప్పాక మా ఇంట్లో ఎవరూ ఎదురు మాట్లాడరు. కొంగు తల మీదికి లాక్కుని పాటల పుస్తకం తెరిచింది.

ఆ రోజు మిషన్ నుంచి ఒక దొరగారు అతిథిగా వచ్చారు. ఆరాధన అయింది. వేలం మొదలైంది. కోడిని పాడుకున్న ఒక క్రేను మేస్త్రీ దాన్ని పట్టుకోబోతే అది కట్లు తెంచుకుని వేదిక ఎక్కింది. "అది సువార్త సెప్పడానికెల్తంది, ఒగ్గీయండి" అని ఎవరో అరిచారు. అందరం పడి పడి నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే మాస్టారు బల్ల దగ్గరికి వెళ్ళి, కవరు తీసి, దొరగారి చేతిలో పెట్టారు. ఇంగ్లీషులో ఏదో చెప్పారు. నాకు తెలిసిన మాట ఒకటే వినిపించింది: ఆర్ఫన్స్, అనాథలు. దొరగారు ఒక్కొక్క ప్రింటూ తీసి చూశారు. చెవి చీలిన పిల్ల దగ్గర ఆగి, పెదవులు బిగించి, తల ఆడించారు. తర్వాత కవరు తన తోలు సంచిలో పెట్టుకున్నారు.

నేను వెనక గదిలో మాస్టారి కోసం ఎదురుచూశాను.

"దొరగారు పెద్ద ప్రింట్లు తీయించి పంపుతారు" అన్నారు ఆయన. "నీ స్టూడియోలో అయ్యేదా అది? ఒకటి రెండు వారాలు ఓపిక పట్టు."

నమ్మాను. నమ్మకపోవడం ఎలాగో ఆ మనిషి దగ్గర నేను నేర్చుకోలేదు.

ఒకటి రెండు వారాలు దాటాయి. ఈలోగా యుద్ధం మన దేశానిది కూడా అయింది. వీధిదీపాలకు నల్లరంగు పూశారు. పాలు తీసుకెళ్ళడం ఆగింది. మాస్టారిని అడిగినప్పుడల్లా "వస్తాయి నాయనా" అనేవారు. యుద్ధం ముగిసి, శిబిరాల నుంచి జనం లారీల్లో తిరిగి వెళ్ళడం మొదలయ్యాక ఒక ఉదయం ఆయనే కబురు పెట్టారు. కెమెరా తీసుకుని రమ్మన్నారు. మిషన్ వాళ్ళ వ్యాను వచ్చి ఉంది. ఇన్నాళ్ళకు ఫొటోలు వచ్చాయి కాబోలని సంతోషంగా ఎక్కి కూర్చున్నాను.

"ఫొటోలు వెనకున్నాయాండి?" అని అడిగాను.

"ఏ ఫొటోలు? అవి అప్పుడే సముద్రం దాటిపోయాయి. అక్కడ గుడి గుడికీ చూపిస్తన్నారట. వాటి పుణ్యమే ఈ వేన్. బెహాలా దగ్గర ఇల్లు తీసుకున్నాం, పిల్లలకి మంచాలు కూడా వచ్చేశాయి." ఆయన ముఖం వెలిగిపోతోంది. "అనాథల్ని ఈ రోజే తెచ్చుకుందాం. నువ్వు వాళ్ళు ఎక్కుతుండగా తియ్యి."

"వాళ్ళు అనాథలు కాదండి. తల్లులు వెతుక్కుంటున్నారు. బోర్డుల మీద పెడతామని చెప్పాం కదండి."

"తల్లులు బతికున్నారని నీకెవరు చెప్పారు?"

"లేరని మీకెవరు చెప్పారండి?"

జీవితంలో మొదటిసారి ఆయనకు ఎదురు ప్రశ్న వేశాను. ఆయన కోపపడలేదు. నా మోకాలి మీద తట్టారు. "చూడు నాయనా. తల్లి దొరికితే ఆ పిల్ల మళ్ళీ గుడిసెలోకి పోతాది. మనతో ఉంటే మంచం, బడి, రక్షణ. దేవుడు ఒక తలుపు మూసి మన తలుపు తెరిచాడు. పోనీ, నెగటివ్‌లు తెప్పించమంటావా? బల్ల మీద పెట్టినదాన్ని తిరిగి అడుగుతారా ఎవరైనా?"

అప్పుడు అర్థమైంది. నా భక్తి ఎక్కడ ఎంత లోతుందో ఆయనకు బాగా తెలుసు. తవ్వింది ఆయనే. నేను ఏది దాచుకోనో, ఏది తిరిగి అడగనో చూసుకుని, సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టి తీసుకున్నాడు. బయటివాడైతే దొంగిలించవలసి వచ్చేది.

శిబిరంలో సగం గొట్టాలు ఖాళీ అయిపోయాయి. మాసీ మూట కట్టుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"వచ్చావా కొత్త పెళ్ళికొడకా! ఎన్నాళ్ళయింది! ఎవరైనా పోల్చుకున్నారా దీన్ని?"

నేను మాట్లాడేలోపు మాస్టారు ముందుకు వచ్చారు. "చెప్పు నాయనా. పిల్ల తల్లి కోసం అన్ని శిబిరాలూ వెతికాం, దొరకలేదు, మేం పెంచుకుంటాం అని చెప్పు."

మాసీ నా ముఖం చూస్తోంది, వానాకాలంలో చూసినట్టే. పిల్ల కొంచెం పొడుగైంది. కొంగు ఇంకా పట్టుకునే ఉంది. పక్కనే వ్యాను తలుపు తీసి ఉంది.

నేను బెంగాలీలో చెప్పాను. "మాసీ, ఫొటో ఏ శిబిరానికీ వెళ్ళలేదు. ఒక్క బోర్డు మీదా పెట్టలేదు. వీళ్ళు దాన్ని వేరే దేశం పంపేశారు, ఈ పిల్లకు ఎవరూ లేరని చెప్పి. ఇప్పుడు తీసుకుపోవడానికి వచ్చారు. తల్లి లేదని వీళ్ళకు తెలీదు. ఎవరూ వెతకలేదు."

మాస్టారు నా భుజం పట్టుకున్నారు. ఆయనకు ప్రతి మాటా అర్థమైంది.

మాసీ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చాలాసేపు నన్నే చూసింది, ఆయన్ని చూడలేదు. ఆయన తనకు ఏ మాటా ఇవ్వలేదు, ఇచ్చింది నేను.

"ప్రతి శనివారం దీనికి జడ వేసేదాన్ని" అంది. "తల్లి వస్తుందేమోనని. వస్తే చింపిరి తలతో చూడకూడదని."

అంతే. పిల్లను ఎత్తుకుని గొట్టంలోకి వెళ్ళి చీర దించేసింది. మిగతా పిల్లల్లో కొందరు ఆ రోజు వ్యాను ఎక్కారు. నేను ఒక్క ఫొటో కూడా తీయలేదు. వ్యాను వెళ్ళిపోయాక, ఆ చీర బయట నిలబడి బతిమాలి, పిల్లను మళ్ళీ ఒకసారి తీశాను.

ప్రింటు పట్టుకుని వెళ్ళేసరికి వాళ్ళ గొట్టాల వరుసలోవాళ్ళు లారీ ఎక్కుతున్నారు. మాసీ ఫొటో తీసుకుని పిల్ల చెవితో పోల్చి చూసింది. "బాగానే తీశావు" అంది. "దారిలో ఊరూరా చూపిస్తాను. ఇక్కడ ఉన్నప్పుడైతే తల్లి నడిచి వచ్చే దూరంలో ఉండేది. ఇప్పుడు దేశమంతా పరుచుకుపోయింది." నన్ను ఆశీర్వదించలేదు, తిట్టలేదు. లారీ కదిలింది. ఆ తల్లి దొరికిందో లేదో నాకు ఈ రోజుకీ తెలీదు.

సంఘంలో నా మీద విచారణ జరిగింది. పెద్దల్ని అవమానించానని, దేవుడి పనికి అడ్డం పడ్డానని అన్నారు. నేను మాట్లాడే అవకాశం వచ్చేసరికి అందరూ తలలు దించుకున్నారు. వాళ్ళలో మా నాన్న స్నేహితులు ఉన్నారు. బెహాలా ఇంటికి వంటవాళ్ళుగా, కాపలావాళ్ళుగా వాళ్ళ పిల్లలే కుదిరారు.

తర్వాత ఒక సాయంత్రం మాస్టారు మా ఇంటికి వచ్చారు. అమ్మ కుర్చీ వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది.

"పెద్ద విషయం కాదమ్మా" అన్నారు అమ్మతో. "ఆ రోజు ఆవేశంలో తప్పు చెప్పానని ఆదివారం సంఘం ముందు వీడు ఒక్క మాట అంటే అయిపోద్ది. నా బిడ్డలాంటోడు. నాకేం కోపం లేదు."

అమ్మ నా వైపు తిరిగింది. "తప్పు సెప్పినావేట్రా?"

"లేదమ్మా. ఉన్నదే చెప్పాను."

"మరయితే ఏటనాలి బాబూ ఈడు?" అని ఆయన్ని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

ఆయన "ప్రార్థన చేసుకుందాం" అని కుర్చీలోంచి దిగి మోకరించారు. మేమూ మోకరించాం. మాస్టారు చాలా బాగా ప్రార్థన చేసేవారు. ఆ రోజూ గొంతు వణికింది, కన్నీళ్ళు కారాయి. అవి దొంగ కన్నీళ్ళని నేను ఇప్పటికీ అనలేను. నా కోసం, అమ్మ కోసం వేడుకున్నారు. చివర, "ఒకరి అవివేకం వల్ల నీ మందలోకి రాకుండా చేజారిపోయిన ఆ చిన్న పిల్లను క్షమించి కాపాడు తండ్రీ" అన్నారు.

ప్రార్థన అయిపోయింది. మా ఆమెన్ కోసం ఆయన కళ్ళు మూసుకునే ఆగారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆయన ప్రార్థనకు మా ఇంట్లో ఆమెన్ ఆగింది లేదు. నేను అనలేదు. పక్కన అమ్మ పెదవులు కదులుతాయేమోనని చూశాను. అమ్మ కళ్ళు తెరిచి, నేలకేసి చూస్తూ ఊరుకుంది.

కొంతసేపటికి ఆయనే ఆమెన్ అనుకుని, కుర్చీ పట్టుకుని లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు.